ఎడమవైపు స్క్రీన్

నాకు ముక్కు మీద కోపం. కంప్యూటర్లు బాగుచేసే ఆడమనిషికి ఆ మాత్రం కోపం లేకపోతే బతుకు లేదు. షాపుకొచ్చిన ప్రతివాడూ "మెకానిక్ ఎక్కడమ్మా?" అని నన్నే అడుగుతాడు. ఆ సాయంత్రం జరిగింది నేను భయపడి కల్పించుకున్నానని ఎవరైనా అంటే, వాళ్ల సంగతీ చూస్తాను.

అయిదింటికి అక్క ఫోన్ చేసింది.

"స్క్రీన్ నల్లగా అయిపోయిందే. ఏడింటికి ప్రెస్సు మూసేస్తారు. తొందరగా రా."

అక్క ఒక పుస్తకాల ఆఫీసులో పేజీలు డిజైన్ చేస్తుంది. పన్నెండేళ్లుగా పని ఆమెది, పుస్తకంలో పేరు మాత్రం పెద్దసారుది. ఆయన తన మానిటర్‌ను అక్క మానిటర్‌కి ఎడమపక్కనే పెట్టించుకున్నాడు. ఒకే కంప్యూటర్‌కి రెండు స్క్రీన్లు. అక్క పుస్తకం పూర్తి చేయగానే మౌస్ అందుకుని ఆ పేజీలను తన స్క్రీన్ మీదకి లాక్కునేవాడు. "ఇక నేను చూసుకుంటాలే" అంటూ వేలితో బల్ల మీద రెండుసార్లు కొట్టేవాడు. అక్క తన కుర్చీ పక్కకి జరుపుకునేది.

మూడు నెలల కిందట ఆయన పోయాడు. ఇప్పుడు ఆఫీసు ఆయన భార్య చూసుకుంటోంది. పిల్లల పక్షుల పుస్తకంలో మొదటిసారి అక్క పేరు వేయడానికి ఒప్పుకుంది. కానీ ఫైలు ఆ రోజు ఏడింటిలోగా ప్రెస్సుకి చేరకపోతే పని వేరేవాళ్లకి ఇచ్చేస్తానంది. పనితోపాటు పేరూ పోతుంది.

నేను వెళ్లేసరికి అక్క ఒక్కతే ఉంది. బయట ముసురు. ఎదురుగా ఉన్న పెద్ద కిటికీ అద్దం అప్పుడే నల్లబడుతోంది. గదిలో చెమ్మ పట్టిన కాగితాల వాసన. దాంతోపాటు తలనొప్పి బామ్ వాసన.

"ఎవరికే తలనొప్పి?"

"నాకు కాదు," అంది అక్క, ఎడమవైపు చూడకుండా. "వారం నుంచీ వస్తోంది. సారు రాసుకునేవారు."

"కిటికీ తెరిస్తే అదే పోతుంది," అని కసిరి పనిలో పడ్డాను.

ఒకసారికి ఒకటే మార్చాలి, అది మా పద్ధతి. కరెంటు ఉంది. మానిటర్ దీపం వెలుగుతోంది. సంచిలోంచి వేరే వైరు తీసి తగిలించాను. బొమ్మ వచ్చింది. అక్క ఊపిరి పీల్చుకుని ఫైలు తెరిచింది. కింద పట్టీలో ఫైలు తెరిచినట్టే ఉంది గానీ, స్క్రీన్ మీద ఎక్కడా లేదు.

సెట్టింగ్స్ చూశాను. రెండు స్క్రీన్లు ఉన్నట్టు చూపిస్తోంది.

"ఓసి పిచ్చిదానా, నీ ఫైలు ఆ రెండో స్క్రీన్ మీద తెరుచుకుంటోంది. సారు మానిటర్ ఏదీ?"

"పోయిన వారమే అమ్మేశారు."

బల్ల మీద ఎడమవైపు మానిటర్ ఉండే చోటు ఖాళీగా ఉంది. చుట్టూ వేలు పెడితే గీత పడేంత దుమ్ము. అక్కడ మాత్రం తుడిచినట్టుంది.

బల్ల కిందకి దూరాను. కంప్యూటర్ వెనక ఇంకో వైరు వేలాడుతోంది, రెండో కొస నేల మీద. "ఇదిగో దొంగ!" అని పీకేశాను. మంచి వైరు. పనికొచ్చే వైరును పారేసే మెకానిక్ ఇంకా పుట్టలేదు. చుట్టి సంచిలో వేసుకున్నాను.

ఇప్పుడూ రెండు స్క్రీన్లే. ఆపి మళ్లీ వేశాను. రెండే. స్క్రీన్‌కి బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు ఊడదీసి, వైరు నేరుగా మదర్‌బోర్డుకే తగిలించాను.

రెండే.

ఏ స్క్రీన్ ఏదో కనుక్కోవడానికి ఒక బటన్ ఉంటుంది. నొక్కితే ప్రతి స్క్రీన్ మీదా దాని నంబరు పెద్దగా పడుతుంది. నొక్కాను. మా స్క్రీన్ మీద 2 అని పడింది.

"మరి... ఒకటి?" అక్క అడిగింది. కిటికీ వైపు చూస్తోంది.

అద్దంలో మేమిద్దరం. మా స్క్రీన్. దాని పక్కన ఇంకో వెలుగు... అందులో 1.

గిరుక్కున ఎడమవైపు తిరిగాను. ఖాళీ బల్ల. ఖాళీ కుర్చీ. మళ్లీ అద్దంలోకి చూశాను. ఆ వెలుగు ముందు ఎవరో వంగి కూర్చుని ఉన్నారు.

టక్... టక్.

నాకు భయమేసింది, అబద్ధమెందుకు. అయితే భయం వెనకే అరికాలి మంట నెత్తికెక్కింది. బతికినన్నాళ్లూ సాధించింది చాలక చచ్చి కూడా సాధిస్తాడా? మూడు మీటలు ఒకేసారి నొక్కి ఫైలును ఇటు లాగాను. వచ్చింది. చివరి పేజీ. అక్క పేరు... ఒక్కో అక్షరం దానంతటదే చెరిగిపోతోంది. ఫైలు ఎడమవైపుకి జారి మాయమైంది. మళ్లీ లాగాను. మళ్లీ జారింది.

ఆరూ ఇరవై.

నేను చేతులు తీసేశాను. "నేను లాగితే ఆగదే. పేజీలు నావి కావు. నువ్వు లాగు."

అక్క మీటల మీద వేళ్లు పెట్టింది. నొక్కింది. ఫైలు వచ్చింది. అప్పుడు తలెత్తి ఆ ఖాళీ కుర్చీ వైపు సూటిగా చూసింది.

"సార్... ఇవి నా పేజీలు. ప్రతి పిట్టనీ, ప్రతి అక్షరాన్నీ నేను కూర్చాను. మీరు చూసుకోనక్కర్లేదు. ఇక నేను చూసుకుంటాను."

వేలితో బల్ల మీద రెండుసార్లు కొట్టింది.

ఫైలు ఒక్కసారి అదిరింది. ఆగింది. అక్క తన పేరు మళ్లీ కొట్టి, ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. నేను గోడలోంచి ప్లగ్గు పీకేశాను. మా స్క్రీన్ ఆరిపోయింది.

అద్దంలో పక్కది ఆరలేదు.

లైట్లు కూడా ఆర్పకుండా పరుగెత్తాం. ఆరూ యాభైకి పెన్‌డ్రైవ్ ప్రెస్సువాళ్ల చేతిలో పెట్టాం. పుస్తకం వచ్చింది. అందులో అక్క పేరుంది. ఆ పేజీ తీసి ఎంతసేపు చూసుకుందో! నాకు కళ్లు తడిశాయి. ఆఫీసులో బామ్ వాసన కూడా పోయిందని చెప్పింది.

పోతుందని నాకు ముందే తెలుసు. ఆ మర్నాడే ఆ వాసన నా షాపుకి వచ్చింది.

నా బల్ల మీద ఉన్నది ఒక్కటే మానిటర్. మౌస్ ఎడమ అంచుకి తీసుకెళితే ఆగడం లేదు, అవతలికి వెళ్లిపోతోంది. సారు మానిటర్‌ది ఆ వైరు ఇంకా సంచిలోనే ఉంది, సంచి మేకుకి వేలాడుతోంది. పారేయొచ్చు. పారేయను. నా షాపులో ఏది ఉండాలో ఎవడో చచ్చినవాడు చెబుతాడా?

ఇవాళ కుర్చీ ఎడమవైపుకి తిప్పుకున్నాను. "రండి సార్, చూసుకుందాం," అని బల్ల మీద రెండుసార్లు కొట్టాను.

కాసేపటికి అటునుంచి జవాబొచ్చింది. మూడుసార్లు.

పెద్దసారు ఎప్పుడూ రెండే కొట్టేవాడు.