తండ్రి క్లాస్

ఎర్రనీళ్ళు బజారును ఊడ్చుకుపోయిన మరుసటి ఏడు, మంచు కరిగే రోజుల్లో, మన గూఢచారులను నడిపే కర్నల్ ఎర్మెక్‌ను టీకొట్టు ముందు కాల్చి చంపారు. సరిహద్దు అవతలి ముఠా పని. ఆ ముఠాలో ఉంటూ మనకు పనిచేసే బురుల్ అసలు మన మనిషేనని తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు కర్నల్. ఇక మిగిలింది ఏజెంట్ తొలొగొన్. ఊరికి అతను గుర్రపు పాలు అమ్ముకునేవాడు. ఆఫీసు కాగితాల్లో అతని పేరే లేదు.

మధ్యాహ్నం బురుల్ దగ్గర్నుంచి అతనికి కబురొచ్చింది. “పాలు విరిగాయి.” అంటే ముఠా డ్యాం గేట్లు ఎత్తబోతోంది. కింద ఊరుంది.

తొలొగొన్ పాల తోలుసంచి భుజాన వేసుకుని డ్యాం దగ్గరికి వెళ్ళాడు. మత్తుమందు కలిపిన పాలు తాగి కాపలావాడు గురక పెట్టాడు. పట్టుగౌనులో, సెంటు వాసనతో బురుల్ కంట్రోల్ రూమ్ తలుపు తీసింది.

డ్యాంను నడిపేది ఒక కంప్యూటర్ స్క్రిప్టు. అందులో ‘పిడుగు’ అనే క్లాసును ముఠా మాట మీద నాటింది ఆమే. కర్నల్‌కు చెప్పే నాటింది. ముఠా మొత్తం చిక్కేదాకా ఉండనిమ్మన్నాడాయన. క్లాసంటే ఇటుకల అచ్చు. ఆబ్జెక్టులు ఆ అచ్చులో పోసిన ఇటుకలు. గేటు ఎత్తే ఆబ్జెక్టును తొలొగొన్ డిలీట్ చేశాడు. పిడుగు ఇంకొకటి పోసింది.

“ఇటుకలు పగలగొడితే ఏం లాభం అన్నా? అచ్చు తీసెయ్.”

“క్లాసులన్నీ ఉన్న నేమ్‌స్పేస్ మొత్తం తుడిచేస్తే?”

“ఇంటికే నిప్పు పెట్టినట్టు. గేట్లు దించే క్లాసూ అందులోనే ఉంది.”

అతని చెయ్యి ఆగింది. పిడుగు కింద ‘మైనా’ అనే ఆబ్జెక్టు ఉంది. బురుల్ మనదనే రుజువు అదొక్కటే. ఎవరూ వెతకరని కర్నల్ అక్కడ దాచాడు. విడిగా దాచొచ్చు. కానీ ఆయనది ఏడుగురు తాతల పేర్లు చెప్పలేనివాణ్ణి మనిషిగా చూడని జాతి. తండ్రి లేని పేరు రాయడానికి ఆ పెద్దాయనకు చెయ్యి రాలేదు. గూఢచారిగా ఆమె పుట్టింది ముఠాలోనే కదా అని ముఠా క్లాసుకే బిడ్డను చేశాడు. తండ్రిని తీసేస్తే బిడ్డా పోతుంది.

మైనాను బయటికి లాగబోతే పాస్‌వర్డ్ అడిగింది. అది కర్నల్‌తో పాటే మట్టిలో ఉంది.

సైరన్ మోగింది. గేట్లు కదిలాయి.

“నీకేం మిగలదు బురుల్.”

“మా అమ్మ కింద ఊళ్ళోనే రొట్టెలు కాలుస్తోంది. నొక్కు.”

నొక్కాడు. జానెడు లేచిన గేట్లు దబ్బున పడ్డాయి. పిడుగు పోయింది. మైనా పోయింది.

సాయంత్రానికి పోలీసులు ముఠాను పట్టుకున్నారు, బురుల్‌తో సహా. ఆమె మన మనిషి అన్నాడు తొలొగొన్. నువ్వెవరని అడిగారు. పాలవాణ్ణన్నాడు. నవ్వారు.

మర్నాడు పొద్దున అతను బురుల్ వాళ్ళమ్మ కాల్చిన రొట్టె తీసుకుని జైలుకు వెళ్ళాడు. బంధువులకే ములాఖత్ అన్నాడు గార్డు. చెల్లెలన్నాడు తొలొగొన్. ఏ వంశమని అడిగితే తన ఏడుగురు తాతల పేర్లూ తడుముకోకుండా చెప్పి, ఆమెకు ఇచ్చేశాడు.

గార్డు టోపీ తీసి విన్నాడు. మంచి వంశమన్నాడు. రొట్టె తీసుకుని, అతన్ని బయటే ఉంచి గేటు మూశాడు. ఆ గేటు మూయడానికి ఏ స్క్రిప్టూ అక్కర్లేకపోయింది.