మామగారి గుండె గీత

ఆదివారం ఉదయం భ్రమరాంబ గంజి గ్లాసు తీసుకెళ్లేసరికి మామగారు తవిటయ్య మంచం మీద కూర్చుని కిటికీలోంచి ఓడలకేసి చూస్తున్నాడు. పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. వేసవిలో సొంతూరు పద్మనాభం వెళ్తే అక్కడి కాంపౌండరు నాడి చూసి, మధ్యలో ఒక దెబ్బ తప్పుతోందన్నాడు. అప్పట్నుంచీ అత్తగారు సన్యాసమ్మ ఆయన్ని గడప దాటనివ్వలేదు. మెట్లెక్కొద్దంది, గట్టిగా నవ్వొద్దని కూడా అంది.

భ్రమరాంబ నర్సు. ఆసుపత్రిలో కొత్తగా తెరిచిన గుండె వార్డులో ఈసీజీ చదవడం నేర్చుకుంటోంది. మొదట్లో గీతలన్నీ ఒకేలా కనిపించి ఏడుపొచ్చేది. పెద్ద గీతల మధ్య ఎడం కొలవడం, ప్రతి పెద్ద గీతకూ ముందు చిన్న మెరక ఉందో లేదో చూడడం అలవాటయ్యాక, ఒక్కో గుండె నడకా విడిగా తెలియసాగింది. మామగారికీ ఈసీజీ తీయిద్దామంది.

సన్యాసమ్మ ఒప్పుకోలేదు. చదువుకున్నానని పెత్తనం చేస్తున్నావంది. తల్లికీ భార్యకీ మధ్య నలిగి గురునాథరావు, వచ్చే వారం చూద్దామన్నాడు.

"మావయ్య బతికే ఉన్నాడత్తా. మనమే ఆయన్ని బతకనివ్వట్లేదు" అంది భ్రమరాంబ.

సన్యాసమ్మ నేల మీద కూలబడింది. "ఆ కాగితంలో గుండె సెడిపోనాదని తేలితే నానేటయిపోవాలే? తెలీకపోతే ఇలగే నా కళ్ల ముందుంటాడు కదా."

కోడలు పక్కన కూర్చుని ఆమె వెన్ను నిమిరింది. "నాను పక్కనే ఉంటాను. వొచ్చిందేదో కలిసే సూద్దాం."

మర్నాడు అందరూ ఆసుపత్రికి వెళ్లారు. యంత్రంలోంచి గళ్ల కాగితం జారుతుంటే భ్రమరాంబ వంగి చదవసాగింది. మెరక, గీత, మెరక, గీత. ఒకచోట గీత తొందరపడి ముందే వచ్చింది. దాని ముందూ మెరక ఉంది. ఆ తరువాత గుండె కాస్త ఆగి, మళ్లీ తన నడక అందుకుంది.

డాక్టరు, నీకేమనిపిస్తోందని ఆమెనే అడిగాడు. ఒక దెబ్బ ముందే పడి ఆ తరువాత గుండె కాస్త ఆగుతోందనీ, నాడిలో తప్పినట్టు తెలిసింది అదేననీ చెప్పింది. ఆయన తవిటయ్యను నిదానంగా పరీక్షించి, కోడలు సరిగ్గానే చదివిందనీ, ఆ తొందర దెబ్బతో భయం లేదనీ, హాయిగా తిరగమనీ అన్నాడు.

తవిటయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటూనే, ఇంటికి నడిచే వెళ్దామన్నాడు. సన్యాసమ్మ ఏడుస్తూ నవ్వింది. తరువాత చెప్పులు విడిచి ఆయన లేచిన పరీక్ష బల్లెక్కి తనే పడుకుంది.

"నాది కూడా తియ్యే. ఇన్నాళ్లూ బయపడి బయపడి నా గుండె ఏటయిపోనాదో సూడు."

కోడలు గీత చదివి నవ్వింది. "కొంచెం జోరుగా కొట్టుకుంటంది అత్తా. మరేటీ నేదు."

"అయితే లెగు, నువ్వూ నడుద్దువుగాని" అని తవిటయ్య భార్యకు చెయ్యందించాడు.