కాపలా తీసేసిన గ్రహాలు

మొదటి పరిచయంలోనే ఆర్విడ్ ఓడలన్నిటినీ లోర్నా పేల్చేసింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది లేదు. ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఇద్దరి పేర్లూ తెలిసినవాణ్ణి ఊరు మొత్తానికి నేనొక్కణ్ణే.

మిషిగన్ ఉత్తరాన మాది ఇనుపగని ఊరు. గనిలో నా నడుం విరిగాక, నేలమాళిగలో ఒక కంప్యూటర్ పెట్టి దానికి ఫోను లైను తగిలించాను. ఊళ్ళో కుర్రకారు తమ కంప్యూటర్లతో ఆ నంబరుకు ఫోను కలిపి, అందులోని అంతరిక్ష యుద్ధాల ఆట ఆడేవారు. లైను ఒకటే, కాబట్టి ఒకరి తర్వాత ఒకరు. వచ్చి ఆ రోజు ఎత్తులు వేసి, కాజేయగలిగిన గ్రహాలు కాజేసి, శత్రువుకు నాలుగు మాటలు రాసిపెట్టి వెళ్ళాలి. అందరికీ మారుపేర్లే. అసలు పేర్లు నాకు చెప్పాలి, నేను ఎవరికీ చెప్పను. అది నా నియమం.

ఆర్విడ్ కంగాస్ బేకరీలో పనిచేస్తాడు. ఆటలో అతను 'ఇనుప ఎలుగు'. లోర్నా ట్రెగేర్ గని మేస్త్రీ కూతురు. ఆటలో 'క్వీన్ జీరో'.

"ఎలుగుబంటి గారూ, చలికాలం హాయిగా నిద్రపోక మా మీదికెందుకు వచ్చారు?" అని ఆమె రాసింది.

"పడుకోనిస్తే కదా మహారాణీ" అని అతని జవాబు.

ఆ తర్వాత యుద్ధాలు తగ్గాయి, ఉత్తరాలు పెరిగాయి. ఎప్పుడు ఫోను చేసినా లైను ఖాళీ ఉండదని ఇద్దరూ నన్నే తిట్టేవారు. లైనులో ఉన్నది రెండోవాళ్ళేనని ఇద్దరికీ తెలుసు. ఉత్తరాలు నేను చదవకూడదు. కానీ నా తెరమీదే కదిలే అక్షరాలకు కళ్ళు మూసుకోవడం నావల్ల కాలేదు.

ఆ నవంబరులో గని మూతపడింది. వీధికి రెండిళ్ళు ఖాళీ అవుతున్నాయి. లోర్నా తండ్రికి దక్షిణాన గ్రీన్ బేలో కాగితం మిల్లులో పని దొరికింది. ఊళ్ళో ఫోను ఎంతసేపు మాట్లాడినా ఉచితమే, అక్కణ్ణుంచి మాత్రం నిమిషానికింత. వాళ్ళకది తలకు మించిన భారం. కొన్నాళ్ళు రానివాళ్ళ పేరును ఆటే చెరిపేస్తుంది, గ్రహాలు ఎవరికీ కాకుండా పోతాయి.

లోర్నా వెళ్ళేముందు తన గ్రహాలన్నీ అతనికి ఇచ్చేయాలనుకుంది. అతనివైపున్న సరిహద్దులో కాపలా ఓడలన్నీ తీసేసింది. ఒక్క ముక్క రాయలేదు. మనసులో మాట పైకి చెప్పడం ట్రెగేర్ల ఇంటా వంటా లేదు.

ఆర్విడ్ అది చూశాడు. ఆమెకు ఒంట్లో బాగాలేదేమో, మరచిపోయిందేమో అనుకున్నాడు. తన ఓడలు పంపి ఆ గ్రహాలకు తనే కాపలా పెట్టాడు. ఇంకెవడో దండెత్తితే సగం ఓడలు పోగొట్టుకుని మరీ కాపాడాడు. గ్రహం ఒక్కటీ ముట్టుకోలేదు. పెద్దమనిషి మరి!

లోర్నా రోజూ వచ్చి చూసేది. చివరిరోజు నాకు రాసింది: "హార్యు గారూ, నావేవీ అతనికి అక్కర్లేదు. పర్లేదు లెండి." మౌనం అర్ధాంగీకారం అంటారు. వీళ్ళ మౌనం మాత్రం పూర్తి అపార్థమైంది. అంతా చూస్తూనే, నా నియమం పట్టుకుని నోరు మూసుకున్నాను.

ఆమె వెళ్ళాక ఆర్విడ్ ఫోను చేసినప్పుడల్లా మొదటిసారికే కలిసింది. లైను ఖాళీ అంటే ఆమె రావడం లేదనేగా, అందుకే అతనికి భయమేసింది. ఒక ఆదివారం మధ్యాహ్నం టోపీ నిండా మంచుతో మా ఇంటికొచ్చాడు.

"ఆమె పేరు అడగను. క్షేమంగా ఉందో లేదో చెప్పండి చాలు" అన్నాడు.

పేరు చెప్పకూడదు కానీ, ఆట సంగతి అడగొచ్చు.

"అబ్బాయ్, ఈ ఆటలో ఒకరికి ఏదైనా ఇవ్వాలంటే ఎలా ఇస్తావు?"

"ఇవ్వడం కుదరదు కదండీ. కాపలా తీసేస్తే ఎదుటివాడు వచ్చి..."

అక్కడ ఆగిపోయాడు. తర్వాత నా కుర్చీలో కూర్చుని, ఆమె గ్రహాలను ఒక్కొక్కటే తీసుకున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ యుద్ధం చేసినవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు. ఒక్కటి వదిలేశాడు. అదీ తీసుకుంటే ఆమె పేరే మిగలదని.

అతను వెళ్ళగానే గ్రీన్ బేకు ఫోను చేశాను. ఒక్కసారి ఆటలోకి రమ్మన్నాను. కారణం చెప్పలేదు.

లోర్నా వచ్చింది. తన గ్రహాలు ఒక్కొక్కటే అతని చేతికెళ్ళిన వార్తలు ఆమె తెరమీద పడ్డాయి. లైను పెట్టేయలేదు, నిమిషానికింత బిల్లు పెరుగుతోంది. తండ్రి ఏమంటాడోనని నాకే కంగారు. చివరికి ఉన్న ఒక్క ఓడనూ ఆ మిగిలిన గ్రహానికి కాపలా పెట్టి, అతనికి రాసింది.

"ఇదొక్కటీ ఇవ్వను. కావాలంటే గ్రీన్ బే వచ్చి నన్నే అడుగు. నా పేరు లోర్నా."

ఆ వారమే ఆర్విడ్ బస్సెక్కాడు. వెళ్ళేముందు చెప్పడానికి వచ్చాడు కానీ, సంతోషం దాచుకోవడం చేతకాక గుమ్మంలోంచే వెళ్ళిపోయాడు. మళ్ళీ ఊరికి రాలేదు. ఇక్కడ బేకరీ కూడా మూసేశారు.

మా లైనిప్పుడు ఎక్కువగా ఖాళీగానే ఉంటోంది. క్రిస్మస్ వెళ్ళాక ఒక ఉదయం ఆట ఆ రెండు పేర్లనూ చెరిపేసింది. ఆపాలంటే నేను ఆపగలను. ఆపలేదు.