సంతకానికి ముందు వేట

పరుగు!

బురదలో కాలు దిగబడుతోంది. పీకుతున్నాడు. మళ్ళీ దిగబడుతోంది.

వెనక కుక్కలు.

కుక్కల వెనక లైట్లు.

ఇంకా తెల్లారలేదు. డిసెంబరు చలి ఊపిరితిత్తుల్ని కోస్తోంది. మార్క్వెల్ గైన్స్‌కి పద్దెనిమిదేళ్ళు. మనిషి తలుపంత ఉంటాడు. అలబామా హైస్కూళ్ళలో వాడిని దాటుకుని బంతి పట్టుకెళ్ళిన మొనగాడు లేడు.

అందుకే ఈ వేట!

"ఒరేయ్ అబ్బాయ్!" చెట్ల మధ్య నుంచి రాండీ హోలిఫీల్డ్ గొంతు. "పొద్దున్నే సంతకం పెట్టాలి కదరా! ఎక్కడికిరా ఈ చలిలో? నీ బేకన్ చల్లారిపోతోంది!"

నవ్వులు. నలుగురైదుగురు ఉంటారు.

ఢాం!

తల మీద కొమ్మ విరిగి పడింది.

"జింకవనుకున్నాన్రా! సారీ!"

మళ్ళీ నవ్వులు.

హోలిఫీల్డ్‌కి కోళ్ళ ఫ్యాక్టరీ ఉంది. పైన్‌బెల్ట్ స్టేట్ కాలేజీ ఫుట్‌బాల్ టీమంటే పిచ్చి. హైస్కూలు కుర్రాళ్ళు ఏ కాలేజీకి ఆడతారో సంతకం పెట్టే రోజు ఇవాళే. మార్క్వెల్ ఆ టీముకే ఆడాలని వాళ్ళమ్మ డార్లీన్‌కి ఫ్యాక్టరీలో కూర్చునే ఉద్యోగం ఇచ్చాడు. ఉండటానికి ఇల్లిచ్చాడు. వేరే కాలేజీల వాళ్ళ కంట పడకుండా కుర్రాణ్ణి తెచ్చి ఈ వేట క్యాంపులో పడేశాడు. ఫోన్ లాక్కున్నాడు. రాత్రిళ్ళు గదికి బయట గొళ్ళెం పెట్టాడు.

అభిమానం అంటారు దీన్ని!

మార్క్వెల్‌కి పైన్‌బెల్ట్ వద్దు. గొళ్ళెం పెట్టినవాడికి ఆడడు. అందుకే కిటికీలోంచి దూకాడు. కానీ ఉద్యోగం, ఇల్లు... రెండూ కాలేజీ ఆటల రూల్స్‌కి వ్యతిరేకం. బయటపడితే వాడి ఆటే పోతుంది. ఆట పోతే మిగిలేది అదే ఫ్యాక్టరీ. బతికున్న కోళ్ళని తలకిందులుగా తగిలించే పని. జీవితాంతం.

కంచె!

దూకాడు. అరచెయ్యి చీరుకుంది.

రోడ్డు!

లైట్లార్పిన ట్రక్కు ఒకటి గుర్రుమంటోంది. తలుపు తెరుచుకుంది.

"ఎక్కు! ఎక్కరా బాబూ!"

కోచ్ డాబ్స్. పైన్‌బెల్ట్‌కి పోటీ కాలేజీ సిప్సీ టెక్‌లో అసిస్టెంట్ కోచ్. క్యాంపు వంటవాడి ఫోన్ కొట్టేసి నిన్న మార్క్వెల్ మెసేజ్ పెట్టింది ఈయనకే.

ట్రక్కు దూకింది.

"నా సీటు ఖాయమేనా కోచ్?"

"రాయి మీద చెక్కినట్టే! ముందు ఆవిడతో మాట్లాడు. తెల్లారి సంతకాలు మొదలయ్యేలోపే పైన్‌బెల్ట్‌ని ముంచెయ్యాలి."

చేతిలో చవక ఫోన్ పెట్టాడు. కొత్తది. స్పీకర్ నొక్కాడు.

అవతల మిస్ వోట్రీ. కాలేజీ ఆటల సంఘం విచారణాధికారి. ఈ కాల్ కోసమే మేలుకుని ఉంది.

"మార్క్వెల్, ముందే చెబుతున్నా. అడిగినవాటన్నిటికీ నిజం చెబితే నీ మీద ఏ శిక్షా పడదు. ఎక్కడైనా ఆడుకోవచ్చు. ఒక్క అబద్ధం దొరికిందా... కాలేజీలో బంతి ముట్టుకోవు. అర్థమైందా?"

"అయింది మేడం."

చెప్పాడు. ఉద్యోగం. ఇల్లు. గొళ్ళెం. పైన్‌బెల్ట్ హెడ్ కోచ్ ఆ క్యాంపుకొచ్చి వాడి భుజం తట్టి వెళ్ళిన సంగతి.

"ఒక్క నిమిషం, రాసుకుంటున్నా" అందావిడ.

డాబ్స్ ఫోన్ మ్యూట్ చేశాడు. స్టీరింగ్ మీద డప్పు వాయించాడు.

"అయిపోయార్రా! సీజన్ చివర ఆడే పెద్ద మ్యాచ్‌లు, ఆ బౌల్ గేమ్‌లు, రెండేళ్ళు బంద్! స్కాలర్‌షిప్పులు కోత! గెలిచిన మ్యాచ్‌లు కూడా కొట్టేస్తారు!"

"వాళ్ళ హెడ్ కోచ్‌కి?"

"ఆయనకేంట్రా? కాలేజీలు పనివ్వకపోతే టీవీలో కూర్చుని వాగుతాడు. ఇంకా లావెక్కుతాడు."

"మరి అక్కడ ఆడుతున్న కుర్రాళ్ళు? వాళ్ళేం చేశారు?"

"వాళ్ళా? వాళ్ళెవడిక్కావాలి!"

గొళ్ళెం పెట్టింది కోటువాళ్ళు. కాళ్ళు విరిగేది చెమటోడ్చినవాళ్ళకి. రూలు పుస్తకం ఎంత లావున్నా లోపలున్నది ఇంతే!

అద్దంలో రెండు లైట్లు.

దగ్గరవుతున్నాయి!

మ్యూట్ తీశాడు డాబ్స్.

"చివరి ప్రశ్న" అంది మిస్ వోట్రీ. "ఇప్పుడెక్కడున్నావ్? నీతో ఎవరున్నారు?"

డాబ్స్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

సంతకాలకి ముందు ఈ కొద్ది రోజులూ ఏ కోచ్ కూడా ఏ కుర్రాణ్ణీ కలవకూడదు. ముఖం చూస్తేనే తప్పు. పక్కవాణ్ణి ముంచే సంబరంలో తన ట్రక్కు సంగతి మర్చిపోయాడు పెద్దమనిషి!

'ఒక్కణ్ణే అను.' పెదాలే కదిలాయి.

మార్క్వెల్ అద్దం వైపు చూశాడు.

డాబ్స్ వాడి చెవిలోకి వంగాడు. "నా పేరెత్తితే... ఇక్కడే దింపేస్తా."

అద్దం నిండా వెలుగు.

అబద్ధం చెబితే ఆట పోతుంది.

నిజం చెబితే...

"మార్క్వెల్? ఉన్నావా?"

"కోచ్ డాబ్స్, మేడం. సిప్సీ టెక్. ఆయన ట్రక్కులోనే ఉన్నా."

కీచ్!

"దిగరా కుక్కా!"

బూటుకాలు నడుములో దిగింది. కంకర మీద పడ్డాడు. ఫోన్ పక్కన పడింది. డాబ్స్ ట్రక్కు వెనక లైట్లు మలుపు తిరిగి మాయమయ్యాయి.

రెండో ట్రక్కు ఆగింది.

హోలిఫీల్డ్ దిగాడు. తొందర లేదు. చేతిలో రైఫిల్.

"చెప్పేశావా?"

"చెప్పేశాను సార్."

"మొత్తం?"

"మొత్తం."

హోలిఫీల్డ్ జేబులోంచి ఫోన్ తీశాడు. "ఫ్యాక్టరీయేనా? డార్లీన్‌ని గేటు బయట నిలబెట్టండి. ఇప్పుడే. ఇంటి తాళం మార్చండి."

"సార్! అమ్మకేం తెలీదు సార్!"

కంకరలోంచి గొంతు లేచింది. స్పీకర్!

"మార్క్వెల్, లైన్లో ఉన్నావా? నీ భాగం నువ్వు నిలబెట్టుకున్నావ్. నీ మీద ఏ శిక్షా లేదు. ఏ కాలేజీకైనా ఆడుకోవచ్చు!"

హోలిఫీల్డ్ ముఖం విచ్చుకుంది.

"విన్నావురా? ఆడుకోవచ్చట!"

రైఫిల్ లేచింది.

గుండెకి కాదు.

తలకీ కాదు.

మెల్లగా కిందికి... ఇంకా కిందికి... కుడి మోకాలి దగ్గర ఆగింది.

"ఆడుకో."

ఢాం!