నిండుకున్న కార్డు

పొద్దున అంగడి తలుపులు తీసి, బిందెలు బయట పేర్చి, ప్రదీప్‌కుమార్ పైన ఇంట్లోకి వచ్చాడు. కోయిలకుంట్ల బజారులో స్టీలు సామాన్ల అంగడి వాళ్లది. కొత్త కెమెరా పెట్టెను వంటింటి గట్టు మీద పెట్టాడు. బేరం కుదిరిన సంతోషం ముఖంలో దాగడం లేదు.

“చూడు సుచరితా. పరిగెత్తే పిల్లనైనా మసక లేకుండా పట్టుకుంటాదంట. నిన్న కర్నూల్లో పాతది మార్పిడికి వేసి తెచ్చినా.”

దోసె తిప్పుతున్న చెయ్యి ఆగింది. “పాతది వేసినారా? అందులో కార్డు?”

“కార్డుతోనే వేసినా. అది ఉందని అంగడాయన ఇంకొంచెం ఎక్కువే ధర కట్టినాడు.”

అట్లకాడ గట్టు మీద ఠంగుమంది. “మా అమ్మ ఫొటోలు అందులోనే ఉండాయి! మహానందికి పోయినప్పటివి. ఆమె పోయినాక నాకు మిగిలింది అవే!”

పాత కెమెరా కూతురు ఆరాధన పుట్టిన ఏడు కొన్నది. చేతిలో ఇమిడే చిన్నది. ఇప్పుడు అది గురి చూసుకునేలోగా పిల్ల వీపు మాత్రమే దొరుకుతోంది. సెలవుల్లో ఊటీకి పోయేలోగా మార్చమని అడిగింది సుచరితే. కార్డులోవి కంప్యూటర్లోకి ఎక్కించాకే ఇద్దామనుకుంది.

“కార్డులో ఏమీ లేదని అమ్మ చెప్పె కదా!”

ప్రదీప్ తల్లి రాజ్యలక్ష్మమ్మ పూజ గదిలోంచి వచ్చింది. “లేదని యాడ చెప్పినారా నేను? కార్డు నిండిపోయిందని కోడలు అనె. కార్డు నిండుకుందంట అని నీతో అంటి.”

ఆ ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. అంగట్లో సరుకు లేకపోయినా అదే మాట. లేదన్న మాట నోట రాకూడదు.

“నిండుకుందంటే నేనేమనుకోవాల? ఖాళీ అనుకుంటి!” ప్రదీప్ గొంతు లేచింది.

“అత్త మాట ఎందుకు? నన్ను అడిగేకి ఏం రోగం? ఒకే ఇంట్లో ఉండాం కదా!”

“నీకోసమే కదా తెచ్చింది! మేలు చేసినోనిదే తప్పు!”

“మేలా? మీకు బేరం కుదిరితే చాలు. పాత బిందెను వేసినట్టు మా అమ్మను గూడా తూకానికేస్తిరి!”

అతను మెట్లు దిగి, ఆ కార్డు కోసం కర్నూలు బస్సెక్కాడు.

మధ్యాహ్నానికి తిరిగి వచ్చాడు. దారంతా ఒక మాట సిద్ధం చేసుకున్నాడు: వెతుకుతున్నారంట, దొరికితే ఫోన్ చేస్తారంట. గిరాకీని రేపు రమ్మని పంపే మాటలాంటిది. గుమ్మంలో భార్య ముఖం చూశాక అది నోట్లోనే ఆగిపోయింది.

“లేవు సుచరితా. అన్నీ తుడిచేసినారు. కార్డు గూడా ఎవరికో అమ్మేసినారు. నిన్ను అడగాల్సింది. తప్పు నాదే.”

“ఆ పెట్టె నా కళ్ల ముందర పెట్టొద్దు,” అని ఆమె గోడకు ఆనుకొని ఏడ్చింది.

అతను పెట్టె తీసి అటక మీద పడేశాడు. వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. కింద ఎవరో “సేటూ, కుక్కర్ చూపిచ్చు!” అని కేకేశారు. అతను లేవలేదు.

“ఆ పొద్దు మహానందిలో నువ్వు పాపకు బట్టలు మార్చేకి పోయింటివి,” అన్నాడు మెల్లగా. “నేను కోనేటి మెట్ల మీద జారితి. మీ అమ్మ నవ్వి నవ్వి, ఆమె పళ్లసెట్టు నీళ్లలో పడె.”

సుచరిత తల ఎత్తింది.

“నీళ్లు తేటగా ఉండె, అడుగున కనపడె. నేనే మునిగి తీస్తి. ‘అల్లునితో పళ్లు ఏరించుకున్న అత్తను నేనొక్కదాన్నే అప్పా’ అనె. నీకు చెప్పొద్దని ఆ మహానందీశ్వరుని మీద ఒట్టేయించుకునె.”

“మా అమ్మా?” కన్నీళ్లు కారుతుండగానే సుచరితకు నవ్వు తన్నుకొచ్చింది. “పళ్లు కట్టించుకున్నట్టు నాకు గూడా చెప్పలేదు, దొంగది!”

కింద మళ్లీ కేక వినిపించింది. రాజ్యలక్ష్మమ్మ కొంగు దోపుకొని మెట్లు దిగుతూ, “వస్తాండా ఉండప్పా!” అంది.

సుచరిత అతని వైపు జరిగి కూర్చుంది. “ఇంకా ఏమనె?”