నీలిగోడ దగ్గర ఆగిన బస్సు

మా ఊళ్ళో బస్సులకి వేరే దారి వేసి రెండేళ్ళయింది. రోడ్డుకి ఒక పక్కగా ఇనపకమ్మీలు కట్టి, అందులో బస్సు తప్ప సైకిలు కూడా దూరకుండా చేశారు. ఈ మధ్య ఆ దారిని ఊరి చివర కట్టిన కొత్త బస్టాండు దాకా పొడిగించారు. అక్కణ్ణించి పెద్ద ఊరికి గంటకొక బస్సు. పొడిగించిన రూటు మొదలైన వారమే నాకు డ్యూటీ పడింది. మధ్యాహ్నం షిఫ్టు.

"అదృష్టవంతుడివిరా, ఆటోలు అడ్డం రావు, మనుషులు అడ్డం రారు, కాళ్ళు చాపుకుని తోలుకోవచ్చు" అన్నారు డిపోలో. నేనూ నవ్వాను. ఆ కొత్త దారి మా ఇంటి ముందుగది మీదుగా పోతుందని వాళ్ళకి గుర్తులేనట్టుంది.

మాది మూడు గదుల ఇల్లు. దారి కోసం ముందుగది కొట్టేశారు. మిగిలిన రెండు గదుల్లో నేనూ మా ఆవిడా ఉంటున్నాం. ఒకప్పుడు ఇంటి లోపల ఉన్న గోడే ఇప్పుడు వీధిగోడ. దానికి వేసిన నీలిరంగు వెలిసిపోయినా అలాగే ఉంది. మందుసీసాలు పెట్టుకున్న గూడు కూడా బస్సులో కూర్చున్నవాళ్ళకి కనబడుతుంది. కొట్టేసిన ఆ గది మా అమ్మాయిది.

ఇంట్లో దాన్ని పిచ్చుక అనేవాళ్ళం. ఒక్కచోట కుదురుగా ఉంటే కదా! చిన్నప్పట్నించీ ఆయాసం ఉండేది. మూడేళ్ళ కిందట, దాని పదకొండో ఏట, ఒక వానాకాలం సాయంత్రం అది బాగా ముదిరింది. ఇక్కడి డాక్టరు రెండు ఇంజక్షన్లు చేసి, "నా చేతుల్లో లేదు, వెంటనే పెద్ద ఊరు తీసుకుపొండి" అన్నాడు. ఆసుపత్రి బండి అప్పటికే ఇంకెవరినో తీసుకుని వెళ్ళింది. అప్పట్లో పెద్ద ఊరికి రోజుకి రెండే బస్సులు. సాయంత్రం బస్సు వెళ్ళిపోయింది, మళ్ళీ తెల్లవారుజామున అయిదుకే. అద్దెకార్లవాళ్ళని బతిమాలాను. వంతెన మీద నీళ్ళున్నాయి, పెద్ద బండి అయితేనే దాటగలదు, మా వల్ల కాదన్నారు.

"మీ మేనేజర్ని అడగండి" అంది మా ఆవిడ. "ఒక్క బస్సు. తోలేది మీరేగా."

గొడుగు పట్టుకుని వెళ్ళాను. గంట తర్వాత తడిసి ముద్దయి తిరిగొచ్చి, "అడిగాను, కుదరదన్నారు" అని చెప్పాను.

పిచ్చుక స్వెట్టరు వేసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య, "నాన్నా, బస్సొచ్చిందా?" అని అడుగుతూనే ఉంది. వస్తోందమ్మా, వస్తోంది అంటూనే ఉన్నాను. నాలుగు దాటాక అడగడం మానేసింది.

ఏడాది తర్వాత దారి కోసం గది అడిగినప్పుడు మా వీధిలో మొదటి సంతకం నాదే. ఇంకొకరి పిల్లకైనా బస్సు దొరుకుతుందిలే అనుకున్నాను. మా ఆవిడ మాత్రం గడప మీదనించి లేవలేదు. "అదొస్తే ఎక్కడ పడుకుంటుందండీ?" అంది. ఆ రోజు తర్వాత నాతో అన్నానికి పిలవడానికి తప్ప నోరు విప్పలేదు.

కొత్త రూటులో నాతోపాటు వేసిన కండక్టరు వేరే ఊరి అమ్మాయి. నోట్లో నువ్వుగింజ నానదు. ఎక్కినవాళ్ళందరి కులాసాలూ కనుక్కునేది, నన్ను అన్నా అన్నా అంటూ తలనొప్పి తెప్పించేది. మా ఇంటి సంగతి ఆమెకి తెలియదు. నేను చెప్పలేదు.

మొదటిరోజు, ఆరున్నర. చీకటి పడీ పడని వేళ. మా ఇల్లు ఇంకా వందగజాలుందనగా గంట మోగింది, దిగేవాళ్ళు నొక్కే గంట. అక్కడ స్టాపు లేదు. స్టాపు కాని చోట ఆపితే కంట్రోల్‌రూములో వెంటనే తెలిసిపోతుంది. నేను ఆపలేదు. నీలిగోడ కిటికీ పక్కనించి జారిపోయింది.

"ఎవరమ్మా నొక్కింది?" అన్నాను.

"ఎవరూ నొక్కలేదన్నా. కొత్త బస్సుకి కొత్త రోగం" అని నవ్విందా అమ్మాయి.

రెండోరోజూ అదే చోట మోగింది. రెండుసార్లు. ఈసారి వాసన కూడా వచ్చింది. వేడినీళ్ళలో మందు వేసి ఆవిరి పడితే వచ్చే ఘాటు. మా ఇంట్లో ఏళ్ళ తరబడి దుప్పట్లకీ తలగడలకీ పట్టేసిన వాసన అది. ఎవరో జలుబుకి రాసుకుని ఉంటారని సర్దిచెప్పుకున్నాను.

మూడోరోజు మధ్యాహ్నం నించే వాన. అద్దం మీద వైపర్లు ఒకటే కొట్టుకుంటున్నాయి. బస్సులో ఏడెనిమిది మంది కంటే లేరు. ఆరు దాటింది. అప్పటిదాకా గలగల్లాడుతున్న కండక్టరమ్మాయి నా సీటు పక్కకి వచ్చి నిలబడింది.

"అన్నా..." అంది గుసగుసగా. "వెనక సీట్లో ఒక పాప ఉంది."

"ఉంటే?"

"ఏ స్టాపులో ఎక్కిందో నేను చూళ్ళేదు. టికెట్టు అడిగితే, మా నాన్నే డ్రైవరు అంటోంది."

అద్దంలోకి చూశాను. చివరి సీటు ఖాళీ. దాని ముందుదీ ఖాళీ.

"ఏం వేసుకుంది?" అన్నాను.

"స్వెట్టరు. ఒళ్ళో సంచి పెట్టుకుంది. అన్నా, ఆ పిల్లకి ఒంట్లో బాగున్నట్టు లేదు. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టుంది."

తర్వాతి స్టాపులో ఇద్దరు దిగారు. తలుపులు మూసుకున్నాయి. ఆవిరిమందు వాసన గుప్పుమంది.

"ముందుకొచ్చింది..." అంది కండక్టరమ్మాయి. చెయ్యి నా సీటు వెనక కమ్మీని గట్టిగా పట్టుకుంది. "మధ్య సీట్లో కూర్చుంది."

ఇంకో స్టాపు దాటింది.

"అన్నా... మీ వెనకే ఉంది."

అద్దంలో ఏమీ లేదు. ఖాళీ సీటు. దాని పక్కన వాన కారుతున్న కిటికీ. కానీ విన్నాను... నా మెడ వెనకాల. సన్నటి ఈల. లోపలికి... బయటికి... మళ్ళీ లోపలికి. మూడేళ్ళుగా మా ఇంట్లో లేని చప్పుడు.

వెనక్కి తిరగలేదు. భయమో, సిగ్గో. ఈ రోజుకీ చెప్పలేను.

"ఏమంటోంది?" అన్నాను.

కండక్టరమ్మాయి వంగింది. ఎవరో చెవిలో చెప్తుంటే విన్నట్టు తల పక్కకి వాల్చింది. నిటారుగా నిలబడేసరికి ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నీలిగోడ దగ్గర ఆపమంటోంది. వాళ్ళమ్మ ఎక్కాలట."

గంట మోగింది. ఈసారి ఆగకుండా మోగుతూనే ఉంది. ప్రయాణికులు తలలెత్తి చూశారు. బ్రేకు నొక్కాను.

మా ఆవిడ వాకిట్లోనే ఉంది. ఒకప్పటి లోపలి తలుపు తీసి, గడప మీద, వానలో. చేతిలో సంచి. బస్సు ఆగుతుందని ఆవిడకి ముందే తెలిసినట్టుంది. నేను తలుపు తెరిచాను. ఎక్కింది. నా వంక చూడకుండా నా వెనక సీట్లో, ఈ అంచున కూర్చుంది. కిటికీ పక్క చోటు వదిలి.

"రెండు టికెట్లమ్మా" అంది కండక్టరుతో. "ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కొత్త బస్టాండుకి."

మూడేళ్ళలో ఆవిడ గొంతు అంత మెత్తగా వినలేదు నేను. దారి పొడుగునా మెల్లగా మాట్లాడుతూనే ఉంది. "వచ్చేశాం తల్లీ... ఇంకెంత, ఇదుగో... చలేస్తోందా?" జవాబు వస్తోందో లేదో నాకు తెలియదు. నాకు ఈల మాత్రం వినబడుతూనే ఉంది.

బస్టాండులో బస్సు ఆపి, కిందికి దూకి ఎదురెళ్ళాను. ఆవిడ కుడిచెయ్యి పక్కకి చాపి దిగింది, చిన్నపిల్లని దింపేవాళ్ళు దిగినట్టు. పెద్ద ఊరి బస్సు పక్క ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది.

"ఏమిటిది? ఎక్కడికి?" చెయ్యి పట్టుకోబోయాను.

అప్పుడు నా కళ్ళలోకి చూసింది.

"మీరు అడగలేదటగా" అంది.

నాకు అర్థం కానట్టు పెద్ద ఊరి బస్సు బోర్డు వంక చూశాను.

"మేనేజరుగారి గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చేశారట. లోపల దీపం వెలుగుతూనే ఉందట."

నిజమే. ఆ గేటు దగ్గర గొడుగు కింద అరగంట నిలబడ్డాను. ఆ నెల్లోనే రెండు మెమోలిచ్చారు నాకు. ఈ వానలో బస్సడిగితే, ఆ బస్సుకి ఏమన్నా అయితే, ఉద్యోగం ఊడుతుంది... పిల్లకి తెల్లారేదాకా ఏమీ కాదులే... అలా లెక్కలేసుకుంటూ నిలబడి, గేటు మీద చెయ్యి కూడా వెయ్యకుండా తిరిగొచ్చాను. ఈ సంగతి లోకంలో ఎవరికీ చెప్పలేదు. మేనేజరు ఇంట్లో కుక్క కూడా నన్ను చూసి మొరగలేదు.

"ఎవరు చెప్పారు నీకు?"

ఆవిడ తన పక్కన, భుజమంత ఎత్తున, కిందికి చూసింది. చూసి జుట్టు సవరించింది. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు.

"దీనికి టైమవుతోందండీ" అంది. ఎక్కింది. బస్సు కదిలింది. నేను పక్కనే పరిగెత్తాను. మా ఆవిడ అవతలి అంచున కూర్చుంది. కిటికీ పక్క సీటు ఖాళీ. ఆ ఖాళీ సీటు ముందు, అద్దం మీద లోపలి వైపు, చిన్న ఆవిరి మచ్చ ఏర్పడింది. తగ్గింది. మళ్ళీ ఏర్పడింది.

వెనక్కొచ్చేసరికి కండక్టరమ్మాయి మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. "అన్నా, పాప దిగేటప్పుడు మీ మొహంలోకే చూసింది. చాలాసేపు చూసింది. మీరు ఒక్కసారి కూడా చూడలేదేంటన్నా?"

ఏం చెప్పను? కనబడితే చూడనా?

ఆ రాత్రి ఎన్నిసార్లు చేసినా మా ఆవిడ ఫోను మోగుతూనే ఉంది, ఎత్తలేదు. పెద్ద ఊరి బస్సు డ్రైవర్ని ఫోనులో పట్టుకున్నాను. గుర్తుంది అన్నాడు. తల్లీ కూతురూ ముందు సీట్లో కూర్చున్నారట. ఆసుపత్రి దగ్గర ఇద్దరూ దిగారట. మొదట పాప ఆయాసంతో నీరసంగా ఉండిందట గానీ, పోనుపోను తల్లే ఎగశ్వాస తీయడం మొదలుపెట్టిందట. దిగేటప్పుడు పాపే వాళ్ళమ్మని పట్టుకుని నడిపించిందట.

పొద్దున్న అయిదు కాకుండానే ఫోనొచ్చింది. ఆడగొంతు. ఆసుపత్రి నించి, నర్సు.

"మీ పాపని రాత్రి చేర్చుకున్నామండీ. మీ నంబరు తనే చెప్పింది. ఇప్పుడు బాగానే ఉంది, ఊపిరి చక్కగా ఆడుతోంది. మీరొచ్చి తీసుకెళ్ళాలి."

"వాళ్ళమ్మ?" అన్నాను.

నర్సు గొంతు బాగా తగ్గించింది.

"అదే అర్థం కావట్లేదండీ. అడిగితే, అమ్మ ఇక్కడే పడుకుంది, లేపకండి అంటోంది. మంచం కింద ఆవిడ చెప్పులున్నాయి. కానీ ఆ గదిలో పాప తప్ప ఇంకెవరూ లేరు..."