ముప్ఫై ఆరు స్లైడ్లు

"కూర్చో," అన్నాడు చీఫ్.

ఏజెంట్ పందొమ్మిది నిలబడే ఉన్నాడు. కూర్చుంటే మళ్లీ లేవాలి.

చీఫ్ ఫైలు ముందుకు తోశాడు. "ఐదో అంతస్తు ల్యాబ్. ఒక సైంటిస్టమ్మ పదకొండేళ్ల రీసెర్చ్. పెద్దపేగు కేన్సర్ ఆపరేషన్ అయిన ఆడవాళ్లకి విటమిన్ డి, దాంతోపాటు హార్మోన్ మాత్ర ఇస్తోంది. జబ్బు తిరగబెట్టకుండా ఆగుతుందా అని చూస్తోంది."

"ఆగుతుందా?"

"అదింకా ఎవరికీ తెలీదు. ఈ ట్రయల్ ఆగిపోతే లాభపడే ఫారిన్ ముఠా ఒకటి దిగింది. పేషెంట్ల పేగు ముక్కల స్లైడ్లు మార్చేశారు. పదకొండు గంటలకి కమిటీ వాటిని మైక్రోస్కోప్ కింద చూస్తుంది. కేన్సర్ పెరుగుతున్నట్టు కనిపిస్తే ట్రయల్ అక్కడికక్కడే క్లోజ్."

ఏజెంట్ ఫైలు చేతిలోకి తీసుకున్నాడు. ఆ ట్రయల్‌లో అతని అక్క ఉంది. నాలుగేళ్లుగా ఆ మాత్రల మీదే ఆశ పెట్టుకుని బతుకుతోంది. ఈ సంగతి చెబితే చీఫ్ కేసు ఇంకొకరికి ఇస్తాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో మొదటిసారి అతనికి నిజంగా భయం వేసింది.

మైక్రోస్కోప్ మెకానిక్ వేషం వేశాడు. ఖాకీ చొక్కా పొట్ట దగ్గర బిగిసింది. గుండీలో సీక్రెట్ కెమెరా ఉంది గానీ, దానికి బ్యాటరీ ఇంకా శాంక్షన్ కాలేదు.

ల్యాబ్ వరండాలో విజిటింగ్ డాక్టర్ వేషంలో, నెమలి అనే మారుపేరున్న ఆమె నిలబడి ఉంది. ఇటు చీఫ్‌కీ, అటు ముఠాకీ పనిచేసే డబుల్ ఏజెంట్. తెల్లకోటు, ఎర్రటి లిప్‌స్టిక్. దగ్గరికెళ్తే కళ్ల కింద వలయాలు కనిపించాయి.

"బయట ఎండ ఎలా ఉంది?" అన్నాడు.

"కళ్లకి తప్ప అన్నిటికీ మంచిది." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "నకిలీవి ముప్ఫై ఆరు. లేబుళ్లు రాసింది నేనే. ఇక్కడి టెక్నీషియన్ చేతిరాత నెలరోజులు ప్రాక్టీస్ చేశాను. వాళ్ల మనిషి వాటిని మూడువందల స్లైడ్లలో కలిపేశాడు."

"నీ రాత నువ్వే గుర్తుపట్టు."

"చూశాను. నాకే తెలియడం లేదు."

"ఇంత బాగా రాయమని ఎవరేడ్చారు తల్లీ," అన్నాడతను నీరసంగా.

టైమ్ పదీ ముప్పావు. ఇక నాటకాలకు ఓపిక లేక నెమలిని వెంటబెట్టుకుని లోపలికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. సైంటిస్టు స్టూలు మీద కూలబడింది. అందరూ పిన్ని అని పిలిచే పెద్ద టెక్నీషియన్ మాత్రం ఒక స్లైడు తీసి కిటికీ వెలుగులో చూసింది.

"దేంతో రాశావమ్మా?"

"సన్న నల్ల పెన్ను," అంది నెమలి.

పిన్నికి భయం కంటే ఎక్కువ ఒళ్లు మండింది. "స్లైడుకి రంగు ఎక్కించాలంటే స్పిరిట్‌లో ముంచాలి. సిరాతో రాస్తే నంబరు కొట్టుకుపోతుంది. ముప్ఫై ఏళ్లుగా ఈ గదిలో పెన్సిలే వాడతాం. కొత్తగా చేరినవాళ్లు చేసే తప్పు ఇది."

నెమలి మొహం మాడిపోయింది.

నలుగురూ దూదిని స్పిరిట్‌లో ముంచి లేబుళ్లు తుడవడం మొదలుపెట్టారు. పెన్సిల్ రాత కదల్లేదు. సిరా రాత చెరిగిపోయింది. ముప్ఫై ఆరోది దొరికేసరికి పదీ యాభై ఏడు.

"మరి అసలువి?" అని అడిగింది సైంటిస్టు.

నెమలి హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. "ముఠావాళ్లు పగలగొట్టమని నాకిచ్చారు. ఇద్దరి దగ్గర పనిచేసేదాన్ని, నేను ఏదీ పారేయను."

చివరి స్లైడు ట్రేలో పడుతుండగా కమిటీ తలుపు తోసుకుని వచ్చింది.

పన్నెండింటికి సైంటిస్టు బయటికొచ్చింది. "హాని ఏమీ కనిపించలేదు. మేలు ఉందో లేదో తేలడానికి ఇంకో మూడేళ్లు పడుతుంది. ట్రయల్ నడుస్తుంది," అని కళ్లు తుడుచుకుంది. అంత నిస్సత్తువలోనూ ఏజెంట్‌కి ప్రాణం లేచొచ్చింది.

బయటికొచ్చి అక్కకి ఫోన్ చేశాడు. అక్క లెక్కలో అతనొక సర్వే ఆఫీసు గుమాస్తా.

"అక్కా, మాత్రలు మానకు."

"మానడమేంట్రా, చక్కగా వేసుకుంటుంటే. పనివేళ ఫోనేంటి?"

"ఇవాళ్టికి పనైపోయింది."

"పన్నెండింటికేనా? అలాంటి ఉద్యోగం దొరికుంటే నాకీ జబ్బే వచ్చేది కాదురా."